మా వాడ పిల్లలూ, చించేసిన ఫోన్‌బుక్కూ

ఈ వారం గురుకులాల గురించి రాస్తానని కిందటి భాగంలో మాటిచ్చాను. అది వచ్చే వారం. ఈ మధ్య కొందరు విద్యార్థి మిత్రులు ఇన్‌బాక్స్‌లో ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "అన్నా, హార్వర్డు పాఠాలూ ఎంఐటీ పాఠాలూ నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు కూడా ఉన్నాయి. మన వాడల్లో హైస్కూలు పిల్లలకు వాటిని అలవాటు చేస్తే చాలదా? ఇంకా ఈ సాయంత్రం బడులెందుకు?"

జవాబు నా దగ్గరుంది. కాకపోతే అది నేను చేసిన ఒక తప్పుతో మొదలవుతుంది. అందుకే ఇన్నాళ్ళూ రాయలేదు.

2023 వేసవి. మా వాడలో ఒక పాప తొమ్మిది పూర్తిచేసి పదికి వచ్చింది. నన్ను బాబాయ్ అంటుంది. వాళ్ళ నాన్న తాపీ మేస్త్రి, అమ్మ మిరపకోతలకూ కలుపుకూ పోతుంది. 2022 డిసెంబర్‌లో ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చినప్పుడు ఈ పిల్ల తొమ్మిదిలో ఉంది. ఒక్క ఏడాది తేడాతో ట్యాబు తప్పిపోయింది. ఉన్నదల్లా వాళ్ళమ్మ ఫోను. మూల పగిలిన ఫోను. రోజుకు జీబిన్నర డేటా. పగలు ఫోను అమ్మతోపాటు చేలోకి పోతుంది, రాత్రి ఎనిమిది తర్వాత పిల్ల చేతికొస్తుంది.

ఆ ఫోన్లో ఆమె దేన్నో వెతుకుతూ దేనికో తగిలింది. హార్వర్డులో డేవిడ్ మలన్ అనే ప్రొఫెసర్ చెప్పే కంప్యూటర్ పాఠం, సీఎస్50. ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఒక రాత్రి మా ఇంటికొచ్చి ఫోను నా ముందు పెట్టింది.

"బాబాయ్, ఈయన అంత లావు పుస్తకాన్ని ఎందుకు చించేశాడు?"

చూశాను. ఆయన చేతిలో ఉన్నది టెలిఫోన్ డైరెక్టరీ. ఒక పేరు వెతకాలి. మొదటి పేజీ నుంచి ఒక్కొక్కటీ తిప్పితే పొద్దుపోతుంది. అందుకని నడిమికి తెరిచాడు. కావలసిన పేరు ఇటు పక్కనుందా, అటు పక్కనుందా చూసి, అక్కర్లేని సగాన్ని చించి పారేశాడు. మిగిలిన సగాన్ని మళ్ళీ నడిమికి. వెయ్యి పేజీల పుస్తకమైనా పదిసార్లలో ఒక్క పేజీకి వస్తుంది. పాఠమంతా బాగానే ఉంది. కాకపోతే మా పిల్ల పుట్టిన తర్వాత ఫోన్‌బుక్కు అనే వస్తువును చూడలేదు. నేను ఒకప్పుడు ఎస్టీడీ బూత్‌లో గొలుసేసి కట్టిన దాన్ని చూశాను కాబట్టి చెప్పగలిగాను.

ఊరికే చెప్పడమెందుకని బూత్ పనికోసం నా దగ్గరుంచుకున్న ఓటర్ల జాబితా తీసి ఇచ్చాను. "ఇదిగో, ఇందులో మీ అమ్మ పేరు అలాగే వెతుకు" అన్నాను. నడిమికి తెరిచింది. కాసేపు చూసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. తర్వాత అంది:

"కుదరదు బాబాయ్. ఆయన పుస్తకంలో పేర్లు అక్షరాల వరసలో ఉన్నాయి. ఇది ఇంటి నంబర్ల వరస. నడిమికి చించితే మా అమ్మ ఏ సగంలో పోయిందో ఎట్లా తెలుస్తుంది? మన వాడ ఎటూ చివరి పేజీల్లోనే ఉంది కదా, నేనైతే వెనకనుంచి చూస్తా."

కంప్యూటర్ చదివినవాళ్ళకు ఈ మాట విలువ తెలుస్తుంది. వరసలో పెట్టని జాబితా మీద ఆ పద్ధతి పనిచేయదు. ఆమెకు ఎవరూ చెప్పకుండానే అది పట్టుకుంది. పైగా మన వాడ ఏ పేజీలో ఉంటుందో కూడా ఆమెకు తెలుసు.

నాకు ఒళ్ళు పులకరించింది. ఇక్కడే తప్పు చేశాను.

జూన్‌లో ఆమె ఫోటోతో, పేరుతో, బడి పేరుతో ఇదే గోడ మీద ఒక పోస్టు పెట్టాను. "మాదిగవాడ నుంచి హార్వర్డుకు" అని శీర్షిక. పాతమిత్రులకు గుర్తుండొచ్చు. తర్వాత తీసేశాను. వందలమంది షేర్ చేశారు. హైదరాబాదులో ఉద్యోగం చేసే ఒక తమ్ముడు పాత ల్యాప్‌టాప్ పంపించాడు. ఒక విలేకరి వచ్చి ఫోటో తీసుకుపోయాడు. నేను మూడు సభల్లో ఆ ఓటర్ల జాబితా కథ చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను.

ఆ పిల్ల మాత్రం రెండో పాఠం దగ్గరే ఆగిపోయింది.

అది నాకు ఆగస్టు దాకా తెలియలేదు. ఎప్పుడడిగినా "అవుతోంది బాబాయ్" అనేది. ఒక ఆదివారం వాళ్ళింటికి వెళితే ల్యాప్‌టాప్ పాత చీరలో చుట్టి ట్రంకుపెట్టెలో ఉంది. వాళ్ళమ్మ నా వైపు చూడకుండా బియ్యం చెరుగుతూ అంది: "ఏమయ్యా, పిల్లను గొప్పచేద్దామని రాశావు. మంచిదే. ఆ కింద వాళ్ళూ వీళ్ళూ రాసిందంతా నా ఫోన్లోనే కదా అది చదివింది. రాత్రిళ్ళు దుప్పటి కప్పుకుని చదివేది. నాకు చదువు రాదు. అది ఏడుస్తుందని తెలుసు గానీ, ఎందుకో నాకేం తెలుసు?"

కామెంట్లు. నేను అలవాటుపడినవాణ్ణి. మన గోడల మీద రిజర్వేషన్లను తిట్టిపోయేవాళ్ళు రోజూ వస్తుంటారు, బ్లాక్ చేసి ముందుకు పోతాం. పద్నాలుగేళ్ళ పిల్లకు ఆ అలవాటు ఎక్కడిది? "ఫ్రీ సీటు, ఫ్రీ ఫీజు, ఇప్పుడు ఫ్రీ హార్వర్డు" అని ఒకడు రాశాడు. అంతకంటే నీచమైనవి ఇక్కడ రాయను. బడిలో ఒక మాష్టారు యూనిట్ టెస్టు పేపరిస్తూ "హార్వర్డుకు ఈ మార్కులు చాలవమ్మా" అన్నాడట. క్లాసంతా నవ్వింది. ఆ రోజు నుంచి ఆమె పేరు పోయి "హార్వర్డు" అనే పేరు మిగిలింది.

ఆ పాప నాతో ఒక్క మాటే అంది. "నువ్వు రాసిన పిల్లను నేను కాదు బాబాయ్. నాకు ఆ ఇంగ్లీషు సగం కూడా అర్థం కాలేదు."

అందుకే ఈ వ్యాసంలో ఆమె పేరుండదు, ఊరి పేరూ ఉండదు. ఈ రాత కూడా ముందు ఆమెకు చదివి వినిపించి, సరేనన్నాకే పెడుతున్నాను.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నేను సభల్లో చెప్పే ఇంకో కథ గుర్తుకొచ్చింది. మీలో చాలామంది వినే ఉంటారు. 2012లో ఎంఐటీ, హార్వర్డూ కలిసి ఎడ్ఎక్స్ పెట్టాయి. దాని మొదటి కోర్సు ఎలక్ట్రానిక్ సర్క్యూట్ల మీద. లక్షన్నర మందికి పైగా పేర్లు నమోదు చేసుకుంటే ఏడువేల మంది చిల్లర పాసయ్యారు. నూటికి నూరు మార్కులు తెచ్చుకున్నవాళ్ళు 340 మంది. అందులో మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్ నుంచి పదిహేనేళ్ళ బత్తుషిగ్ ఒకడు. తర్వాత ఎంఐటీలోనే సీటొచ్చింది. మన దేశంలో జబల్‌పూర్ కుర్రాడు అమోల్ భావే అదే కోర్సు చదివి ఎంఐటీకి వెళ్ళాడు. "చూశారా, ఫోనూ పట్టుదలా ఉంటే చాలు" అని నేను ముగించేవాణ్ణి. చప్పట్లు.

బత్తుషిగ్ కథలో సగమే నేను చెప్పేవాణ్ణి. మిగతా సగం ఇది. అతని బడి హెడ్‌మాస్టరు స్వయంగా ఎంఐటీలో చదివొచ్చినవాడు. ఆయనే ఆ కోర్సును బడికి తెచ్చాడు. స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధన చేసే మిత్రుడొకాయన ప్రయోగశాల సామాను వెంటబెట్టుకుని వచ్చి, పిల్లల పక్కన కూర్చుని చేయించాడు. సుమారు ఇరవైమంది పిల్లలు కలిసి చదివారు. కుర్రాడి తెలివి అబద్ధం కాదు. ఒంటరి కుర్రాడు, చేతిలో ఇంటర్నెట్టు అన్న బొమ్మ మాత్రం అబద్ధం. ఆ బొమ్మను నేను మా పిల్ల నెత్తిన పెట్టాను.

అమెరికాలో జాన్ హాన్సెన్, జస్టిన్ రైక్ అనే ఇద్దరు పరిశోధకులు హార్వర్డు, ఎంఐటీల 68 ఉచిత కోర్సుల లెక్కలు తీసి 2015లో సైన్స్ పత్రికలో రాశారు. అమెరికాలో ఈ కోర్సుల్లో చేరేవాళ్ళు సగటుకంటే కలిగిన పేటలవాళ్ళేనని తేలింది. హైస్కూలు వయసు పిల్లల్లో తల్లిదండ్రులు చదువుకున్నవాళ్ళైతే పూర్తిచేసే అవకాశం ఎక్కువని కూడా తేలింది. ఊరందరికీ చెరువు ఒకటే. బిందె ఉన్నవాడు బిందెడు తెచ్చుకుంటాడు, చెంబు ఉన్నవాడు చెంబుడు. దోసిలి ఉన్నవాడు ఇంటికి చేరేలోపు ఏం మిగులుతుంది? చెరువులోకి అసలు దిగనివ్వని కాలం మన తాతలది. ఇప్పుడు దిగనిస్తున్నారు, ఆ మాట నిజమే. బిందెల సంగతి ఎవరూ మాట్లాడరు.

2020 మర్చిపోయామా? ఆ జూన్‌లో ఆన్‌లైన్ క్లాసులు మొదలైన రోజునే కేరళ మలప్పురం జిల్లాలో ఒక దళిత బాలిక ప్రాణం తీసుకుంది. ఇంట్లో టీవీ పాడైంది, స్మార్ట్‌ఫోను లేదు. ఆ నవంబర్‌లో మన షాద్‌నగర్ నుంచి ఢిల్లీ వెళ్ళి చదువుతున్న ఒక మోటారు మెకానిక్కు కూతురు ల్యాప్‌టాప్ కొనలేక, ఇంటికి భారమవుతున్నానని వెళ్ళిపోయింది. పాఠం ఉచితమే. దాన్ని అందుకునే చేతికి అయ్యే ఖర్చు ఉచితం కాదు.

ఇక నా సంగతి. ఇంటర్ తప్పి గ్రానైటు పనికి పోయినవాణ్ణి నేను. నాకు డిగ్రీ ఎట్లా వచ్చింది? 1982లో హైదరాబాదులో పెట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటిది. 1991లో దానికి బాబాసాహెబ్ పేరు పెట్టారు. అప్పట్లో ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలుండేది. అట్లా చేరాను. పుస్తకాలు తెలుగులో అచ్చువేసి ఇచ్చారు. ఆదివారాలు మా పట్టణంలోని డిగ్రీ కాలేజీలో క్లాసులు. నిజం చెప్పాలంటే ఆ క్లాసుల్లో నేర్చుకున్నది కొంచెమే. క్లాసు అయ్యాక బయట టీ బంకు దగ్గర ఆర్టీసీ కండక్టరూ, ఒక హోంగార్డూ, అంగన్‌వాడీ టీచరమ్మా, నేనూ కూర్చుని అర్థం కానివి ఒకరికొకరం చెప్పుకునేవాళ్ళం. వాళ్ళు లేకపోతే నేను మొదటి ఏడాదే మానేసేవాణ్ణి. నాకు కావలసివచ్చిన మనుషులు ఆ పిల్లకు అక్కర్లేదని నేనెట్లా అనుకున్నాను?

సెప్టెంబర్‌లో మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి పోస్టు లేదు, ఫోటో లేదు. అంబేడ్కర్ కమ్యూనిటీ హాల్లో, బుధవారం, ఆదివారం సాయంత్రాలు. ఆమె ఒక్కతే రానంది. ఇంకో ఇద్దరు ఆడపిల్లలు, ఒక మగపిల్లాడు. నలుగురికీ ఒకటే ల్యాప్‌టాప్. వీడియోలు రాత్రిపూట మిగిలిన డేటాతో తక్కువ నాణ్యతలో ముందే దింపుకోవడం. పది నిమిషాలు చూడటం, ఆపడం. ఇంగ్లీషు అక్షరాలు కింద పడేట్టు, మాట వేగం తగ్గించి. ఆపాక ఒకరు తెలుగులో చెప్పాలి. చెప్పలేకపోతే మళ్ళీ అదే పది నిమిషాలు. అర్థమైనట్టు నటించకూడదు అన్నది ఒక్కటే నియమం. రెండుగంటల పాఠానికి మాకు మూడు వారాలు పట్టింది.

ఒక నోటుబుక్కు పెట్టుకున్నారు. అందులో వాళ్ళ మాటలు వాళ్ళవే. వేరియబుల్ అంటే పేరు రాసిన డబ్బా. లూప్ అంటే దుక్కిచాలు, చివరిదాకా పోయి మళ్ళీ తిరగడం. నాకు కంప్యూటర్ రాదు. నేను చేసిందల్లా తలుపు తాళం తీయడం, చివరిదాకా కూర్చోవడం, "నాకు అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి" అనడం. మూడోది నటన కాదు.

రెండో పాఠం దగ్గర ఆమె ఒంటరిగా ఆగిపోయిన లెక్క ఒకటుంది. మారియో ఆటలో ఉండే ఇటుకల మెట్లను తెరమీద వేయించాలి. పై వరసలో ఒక ఇటుక, కింద రెండు, ఆ కింద మూడు, నాలుగు. అన్నీ కుడివైపు గోడకు ఆనించినట్టుండాలి. వీళ్ళ మెట్లు ఎప్పుడూ ఎడమకే పోతున్నాయి. నాలుగు సాయంత్రాలు పోయాయి. ఐదో సాయంత్రం వాళ్ళ నాన్న పిల్లను తీసుకుపోదామని వచ్చాడు. సిమెంటు చేతులతో గుమ్మం దగ్గరే నిలబడి కాసేపు తెరవైపు చూశాడు.

"ఏందమ్మా, గోడా?"

"మెట్లు నాన్నా. కుడికి రావట్లేదు."

"రాదుగా మరి. మీరు ఇటుకలే లెక్కపెడుతున్నారు. జాగాని లెక్కపెట్టట్లేదు. పై వరసకు ఇటుక ఒకటే. అది చివర్న కూర్చోవాలంటే ముందు మూడిటుకల జాగా వదలాలి. దాని కింద రెండు ఇటుకలు, రెంటి జాగా. జాగా, ఇటుకలూ కలిపితే ఏ వరసకైనా నాలుగే రావాలి. అంతే."

నలుగురు పిల్లలూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ముందు ఖాళీలు వేయించే లూప్ ఒకటి, తర్వాత ఇటుకలు వేయించే లూప్ ఒకటి. అరగంటలో మెట్లు కుడికొచ్చాయి. ఆయన మాత్రం అందులో గొప్పేముందన్నట్టు బీడీ వెలిగించుకోవడానికి బయటికి పోయాడు. ఇంటికి పోతూ ఆ పిల్ల ఆయన సైకిల్ వెనక కూర్చుని ఏదో గబగబా చెబుతూనే ఉంది.

ఇప్పుడు ఫలితాలడుగుతారు. చెబుతాను, పెంచకుండా. కోర్సు పూర్తికాలేదు. సర్టిఫికెట్టు లేదు. డిసెంబర్‌లో పదో తరగతి పరీక్షల కోసం మేమే ఆపేశాం. అది కూర్చుని మాట్లాడుకుని ఆపడం, దుప్పట్లో ఏడ్చి ఆపడం కాదు. ఫిబ్రవరిలో మిరపకోతలకు పోయిన ఒక అమ్మాయి మళ్ళీ హాలుకు రాలేదు. నేను రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళాను. సరిపోలేదు. మూడోసారి వెళ్ళాల్సింది. మిగిలిన ముగ్గురూ పది పాసయ్యారు. మా పాప ఇప్పుడు ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో కంప్యూటర్స్ చదువుతోంది. అక్కడ ప్రోగ్రామింగ్ క్లాసులో మొదటిరోజు లూప్ గురించి అడిగితే ఆమె చెప్పగలిగిందట. దుక్కిచాలు సంగతి మాత్రం చెప్పలేదంది. "అది మనది బాబాయ్" అంది.

బాబాసాహెబ్ 1913లో కొలంబియాకు వెళ్ళాడని మనమందరం గర్వంగా చెప్పుకుంటాం. బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో వెళ్ళాడు. చదువు ఎవరో ఖర్చు పెడితేనే వచ్చింది. అంత చదివి 1917లో బరోడా ఉద్యోగానికి వస్తే ఉండటానికి ఇల్లు దొరకలేదు, పార్సీ సత్రం నుంచి కూడా గెంటేశారు. కొలంబియా చదువు ఆయనకు ఒక గది ఇప్పించలేకపోయింది. ఆ అవమానాన్ని అర్థం చేసుకుని తిరిగి కొట్టే బలాన్ని మాత్రం ఇచ్చింది. ఈ ఉచిత పాఠాల నుంచి మన పిల్లలకు రావలసింది కూడా అదేనని నాకనిపిస్తుంది. పక్కవాళ్ళకు చూపించుకునే హార్వర్డు ముద్ర కాదు. ఓటర్ల జాబితా చేతికిస్తే దాని వరస ఏమిటో పట్టుకోగల చూపు.

విద్యార్థి తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక మాట. ఎంఐటీ తన పాఠాలను ఉచితంగా ఇస్తానని 2001లోనే ప్రకటించింది. మన ఐఐటీల ఎన్‌పీటీఈఎల్ 2003 నుంచి ఉంది. స్వయం 2017లో వచ్చింది. తలుపులు తెరిచే ఉన్నాయి, సిగ్గుపడకుండా పోండి. ఒంటరిగా పోకండి. ఇంకొకరిని వెంట తీసుకుపోండి. అర్థం కాకపోతే అది మీ తెలివి లోపం అనుకోకండి. ఆ పాఠం మిమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని తయారుచేసింది కాదు. దాన్ని మన భాషలోకి, మన పనిలోకి లాక్కోవాలి. అందుకు టైం పడుతుంది.

కార్యకర్త మిత్రులకు ఇంకో మాట. వారానికి రెండు సాయంత్రాలు ఇవ్వగలిగితే మొదలుపెట్టండి, లేకపోతే పిల్లలకు ఆశ పెట్టకండి. హాలుకు కరెంటుందో లేదో చూడండి. ఆడపిల్లలు చీకటిపడ్డాక ఇంటికెట్లా పోతారో ముందే ఆలోచించండి. తల్లిదండ్రులను గుమ్మం దగ్గర నిలబెట్టకండి, లోపలికి పిలవండి, వాళ్ళకు తెలిసినవి చాలా ఉన్నాయి. పిల్లల ఫోటోలు పెట్టకండి. మన గెలుపు లోకానికి చూపించాలన్న తొందర నాకు అర్థమవుతుంది. వందేళ్ళ ఆకలి అది. దాన్ని ఒక పద్నాలుగేళ్ళ పిల్ల భుజాల మీద మోయించకూడదు.

ఈ బుధవారం నుంచి హాలు మళ్ళీ తెరుస్తున్నాం. ఈసారి ఆరుగురు. ఆదివారాలు పాఠం ఆపి అడిగే పని నాది కాదు, సెలవుకు ఇంటికొచ్చే ఆ పాలిటెక్నిక్ పిల్లది. మిరపకోతలకు పోయిన అమ్మాయి ఇంటికి రేపు మూడోసారి వెళుతున్నాను.

గురుకులాల గురించి వచ్చే వారం.

జై భీమ్.